చైత్రం పూలు, వాటి వెంట వచ్చే అతిథులు: మీ పెరట్లో ఏమేమి కనబడుతున్నాయి?

పెరటి మల్లె (రాజమహేంద్రవరం), మార్చి 9

సభ్యులందరికీ నమస్కారం. ఫాల్గుణం సగం గడిచేసరికి మా వేపచెట్టు పాత ఆకు రాల్చి, ఎర్రని చిగురుతో పాటే పూత కూడా తొడిగింది. మునగ కొమ్మల చివర తెల్లని గుత్తులు విరగబూశాయి. గోడ వెంట నందివర్ధనాలు, రేకు మందారాలు, నూరువరహాలు, వాకిలి పక్కన బొండుమల్లె పొద అన్నీ ఒకేసారి పూసే ఈ రోజుల్లో తెల్లవారకముందే లేచి పెరట్లో కూర్చోవడం నాకు పండుగతో సమానం. పూల కోసం వచ్చే పిట్టల, పురుగుల సంగతులు అందరం ఒకచోట చెప్పుకుంటే బాగుంటుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మా ఇంటికి వచ్చేవాటిలో తేనెపిట్టలంటే నాకు ప్రాణం. మగపిట్టకు గొంతు ఊదారంగు, పొట్ట పసుపు, వీపు ముదురు ఎరుపు. నెత్తి మీద ఎండ పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. మందారం మీద వాలినప్పుడు అది పూవు ముఖంలోకి ముక్కు పెట్టదు. తొడిమ దగ్గర పక్కనుంచి పొడిచి, తేనె తాగి వెళ్ళిపోతుంది. పిగిలిపిట్టలు, ఉడుతలు, నల్లని పెద్ద తుమ్మెదలు రోజంతా వస్తూనే ఉంటాయి. కంసాలిపిట్ట మాత్రం కంటికి కనబడదు; పై కొమ్మల్లో ఎక్కడో టుక్కు టుక్కుమనే చప్పుడు మధ్యాహ్నం దాకా వినబడుతుంది.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. కిటికీ మీదికి పాకిన రాధామనోహరం తీగ చివర తేనెపిట్ట గూడు కట్టింది. కిటికీ ఊచలకు జానెడు దూరంలోనే ఉండటం వల్ల లోపలినుంచి అంతా స్పష్టంగా కనబడుతోంది. ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు, వాడిన పూరేకులు, గొంగళిపురుగుల రెట్ట గుళికలు ఏరి తెచ్చి, సాలెపట్టుతో అతికించి కట్టుకుంది. ద్వారం పక్కవైపు ఉంది, దాని మీద చిన్న చూరు కూడా దించింది. ఆడపిట్ట లోపల కూర్చుంటే వంపు తిరిగిన ముక్కు ఒక్కటే బయటికి కనబడుతుంది. ఉగాదికి ఇంటికి రంగులు వేయించాలని, ఆ తీగ కత్తిరించక తప్పదని ఇంట్లోవారు అంటున్నారు. గూటిని జాగ్రత్తగా తీసి వేపకొమ్మకు కట్టవచ్చా? రెండో సందేహం మందారాల గురించి. చివుళ్ళ నిండా పిండినల్లి, అదే తెల్లని పిండిలా అంటుకునే పురుగు, పట్టింది. మావారు దుకాణంలో అడిగి మందు తెచ్చారు. పూత మీద కొట్టవచ్చా?

వేపనీడ (విజయవాడ), మార్చి 9

పెరటి మల్లె గారూ, గూటిని కదిలించవద్దండి. జంతుశాస్త్రం బోధించిన ఉద్యోగం అయిపోయినా ఈ ఒక్క మాట చెప్పడం మాత్రం నేను మానలేదు. తీగతో సహా కోసి వేరొక చోట కట్టిన గూటిని తల్లి చాలావరకు వదిలేస్తుంది, ఎందుకంటే అది తన గూటిని చోటును బట్టి గుర్తుపడుతుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లను పాడుచేయడాన్ని, గూళ్ళకు భంగం కలిగించడాన్ని కూడా వేట కిందనే లెక్కిస్తుంది. ఆడపిట్ట కదలకుండా కూర్చుంటున్నదంటే పొదుగుతున్నదన్నమాట. గుడ్లు సాధారణంగా రెండు ఉంటాయి. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండు వారాల పైచిలుకు పడుతుంది. ఆ ఒక్క గోడకు రంగు చైత్రం చివర వేయించుకోండి, మిగిలిన ఇల్లంతా పండుగకు సిద్ధం చేసుకోవచ్చు.

మీరు చెప్పిన పోలికలను బట్టి అది నడుము దగ్గర ఊదారంగు ఉండే జాతి. ఒళ్ళంతా నీలి నలుపుతో నిగనిగలాడే మరొక తేనెపిట్ట కూడా మన ఊళ్ళలో సర్వసాధారణం. ఆ రెండో జాతి మగపిట్ట సంతాన కాలం దాటగానే ఆ మెరుపంతా వదిలి ఆడపిట్ట రంగులోకి మారుతుంది, గొంతు మీదుగా ఒక నల్లని చార మాత్రం మిగులుతుంది. మీ ఇంటి జాతికి ఆ మార్పు ఉండదు.

ఇక మందు సంగతి. పూలలోని తేనెలో చక్కెర ఉంటుంది గాని మాంసకృత్తులు దాదాపుగా ఉండవు. పెద్దపిట్ట తన ఎగురుడు ఖర్చుకు తేనె తాగుతుంది. పిల్లల ఒంటికి ఎముక, కండ, ఈక పట్టాలంటే మాత్రం సాలీళ్ళు, చిన్న గొంగళిపురుగులు, దోమల వంటివి నోట కరచుకుని తేవాలి. గూటికి కావలసిన సాలెపట్టు, రెట్ట గుళికలు కూడా వాటినుంచే కదా వచ్చాయి. అందుచేత మందారాన్ని కాపాడుకోవడానికి కొట్టిన మందు, మందారం కోసం వచ్చిన పిట్ట పిల్లల నోటి దగ్గర కూడు తీసేస్తుంది. పూలు అతిథిని వాకిటిదాకా పిలుస్తాయి. ఇంట్లో నిలిపేవి మాత్రం మనం సాధారణంగా చీదరించుకునే పురుగులే.

పిండినల్లి మరీ ముదిరిన చివుళ్ళను కత్తిరించి మూటగట్టి పారేయండి. మిగిలిన కొమ్మలను గొట్టంతో నీళ్ళు జోరుగా కొట్టి కడగండి, ఆ తరువాత పలుచని కుంకుడు రసం సాయంత్రం వేళ పిచికారీ చేయండి. కాండం మీద చీమల బారు ఉన్నదేమో చూడండి. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, దాన్ని తినడానికి వచ్చే అక్షింతల పురుగులను తరిమేస్తాయి. చీమల దారి తెగితే సగం పని అయినట్టే. ఇంకొక జాగ్రత్త: పిండినల్లి గుంపులో ఒంటి నిండా తెల్లని మైనపు పోగులు ఉండి, మిగతావాటికన్నా పెద్దదిగా, చురుగ్గా తిరిగే పురుగు కనబడితే దాన్ని చంపవద్దు. అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల. ఆ జాతిని 1898లో ఆస్ట్రేలియానుంచి మన దేశానికి తీసుకువచ్చారు. ఇప్పటికీ తోటల్లో అది చేసే మేలు ఇంతా అంతా కాదు.

మేడమీద తోట (హైదరాబాదు), మార్చి 10

ఈ చర్చ సరైన సమయానికి వచ్చింది. మాది అపార్టుమెంటు; డాబా మీద కుండీలు తప్ప నేల లేదు. అయినా ఒక నిమ్మ, ఒక కరివేపాకు, రెండు మందారాలు, మట్టి తొట్టిలో సన్నజాజి, పెద్ద డ్రమ్ములో దానిమ్మ ఉన్నాయి. ఈ మాత్రానికే నాలుగంతస్తుల పైకి తేనెపిట్టలు, సీతాకోకచిలుకలు వస్తున్నాయి.

మా ఇంట్లో తగవు కరివేపాకు దగ్గర వచ్చింది. లేత ఆకుల మీద పిట్ట రెట్ట పడినట్టు నల్లగా, మధ్యలో తెల్లమచ్చతో ఏవో కనబడితే అమ్మ నీళ్ళతో కడగబోయింది. దగ్గరగా చూస్తే ఒక్కొక్కటీ మెల్లగా ఆకు అంచును కొరుకుతోంది. వారం తిరిగేసరికి అవే ఆకుపచ్చగా, చిటికెనవేలంత లావుగా అయ్యాయి. పుల్లతో తాకితే తల వెనకనుంచి ఎర్రని జంట కొమ్ములు ఒక్కసారిగా బయటికి చాచి, ఘాటైన వాసన వదిలి, మళ్ళీ లోపలికి లాక్కుంటున్నాయి. చెట్టు సగం బోడి అయింది. పోపులోకి ఆకు దొరకడం లేదని అమ్మ బాధ, వాటిని తీసేయడానికి నాకు చేతులు రాకపోవడం నా బాధ. ఏం చేయాలి?

వేపనీడ (విజయవాడ), మార్చి 10

అవి నిమ్మజాతి చెట్ల మీద పెరిగే పెద్ద సీతాకోకచిలుకల పిల్లలు. నిమ్మ, నారింజ, మారేడు, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి ఆ తల్లి వాటి మీదనే గుడ్లు పెడుతుంది. చిన్నప్పుడు రెట్టలా కనబడటం పిట్టల కళ్ళు కప్పడానికి, ఆ కొమ్ములు చీమలను, ఇతర శత్రువులను బెదిరించడానికి. పుష్టిగా పెరిగిన కరివేపాకు చెట్టుకు ఈ నష్టం పెద్ద లెక్కలోది కాదు, పదిహేను ఇరవై రోజుల్లో మళ్ళీ చిగురు వేస్తుంది. మీకు అవకాశం ఉంటే రెండో కరివేపాకు మొక్క పెట్టి, వంటింటి మొక్క మీద కనబడిన పురుగులను ఆకుతో సహా తీసి దాని మీదికి మార్చండి. అమ్మగారికి పోపులోకి ఆకు దొరుకుతుంది, మీకూ మనసు కుదుటపడుతుంది.

వేపనూనె సహజమైనదే కదా, కొడితే తప్పేమిటి అని చాలామంది అడుగుతారు. వేపలో ఉండే పదార్థం పురుగు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. అది మంచి పురుగు, చెడ్డ పురుగు అని చూడదు. కూరగాయల మొక్క మీద అవసరమైతే సాయంత్రం కొట్టండి, సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే మొక్కల మీద మాత్రం వద్దు.

ఏటిగట్టు (మైలవరం), మార్చి 10

మా వైపు మల్లెతోటలు ఎక్కువ. మార్గశిరం, పుష్యమాసాల్లో నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేనే మాఘం చివర మొగ్గ కడుతుంది. పెరటి మల్లె పొద అయినా ఇదే పద్ధతి. కత్తిరింపు మానేసిన పొద తీగలు సాగుతుందే తప్ప పూయదు. మల్లె 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పుష్పం అయినప్పుడు మా ఊళ్ళో ఎంతో సంతోషించాం.

అమ్మకానికి పెంచే తోటలో మొగ్గ తొలుచు పురుగుకు మందు కొట్టక మాకు గడవదు, ఆ మాట దాచను. పెరట్లో ఒకటి రెండు పొదలు ఉన్నవారికి ఆ అవసరం లేదండి. పురుగు సోకిన మొగ్గ తెలుపు పోయి ఊదా చాయకు తిరుగుతుంది, దాన్ని గిల్లి పారేస్తే చాలు. సాయంత్రం మొగ్గ విచ్చే వేళకు ఈ వాసన పట్టుకుని చిమ్మటలు, అంటే సీతాకోకచిలుకలను పోలి రాత్రిపూట ఎగిరే పురుగులు, వస్తాయి. పొడవైన తొండం ఉన్న పెద్ద చిమ్మటలు గాలిలో నిలబడి తేనె తాగడం చూడాలంటే వాకిట్లో దీపం ఆర్పి కూర్చోవాలి. దీపం వెలుగుతుంటే అవి పూలను వదిలి దాని చుట్టూనే తిరుగుతాయి.

దానిమ్మ నీడ (అనంతపురం), మార్చి 11

పై అభిప్రాయాలన్నీ గౌరవంతో చదివాను. అయితే రెండో పక్క కూడా ఒకరు చెప్పాలి. మా పెరట్లో పది దానిమ్మ మొక్కలు, రెండు జామ చెట్లు ఉన్నాయి. ఉడుతలు మందార మొగ్గలను కొరికి పడేస్తున్నాయి, చిలుకలు జామకాయ పండకముందే సగం తిని సగం రాల్చి పోతున్నాయి, దానిమ్మ కాయకు బొక్కపడి లోపలంతా కుళ్ళుతోంది. నీళ్ళు దూరంనుంచి తెచ్చి పోసి పెంచుకున్న చెట్లు ఇవి. పురుగు ఉంటేనే పిట్ట ఉంటుందన్న మాటను నేను కాదనను గాని, పండు తినాలనుకునేవాడికి కూడా తోటలో కొంత హక్కు ఉండాలి కదా.

వేపనీడ (విజయవాడ), మార్చి 11

మీ మాటలో న్యాయం ఉంది. దానిమ్మ కాయను తొలిచేది కూడా ఒక సీతాకోకచిలుక పిల్లే. గోధుమ, ఊదా రంగులు కలిసిన ఆ చిన్న సీతాకోకచిలుక పూత మీద, పిందె మీద గుడ్డు పెడుతుంది, పిల్ల కాయలోకి దూరి గింజలు తింటుంది, ఆ రంధ్రంలోనుంచి బూజు ప్రవేశించి కాయ కుళ్ళుతుంది. సీతాకోకచిలుకలన్నిటినీ ఒకే గాటన కట్టి ముద్దు చేయలేం.

అయినా దీనికీ మందు అక్కరలేదు. పిందె నిమ్మకాయంత కాగానే పలుచని నూలుగుడ్డ సంచి తొడిగి, తొడిమ దగ్గర దారంతో కట్టండి. గుడ్డు పెట్టడానికి చోటు దొరకదు. పాత ధోవతి ముక్కలు ఇందుకు బాగా పనికివస్తాయి. బొక్కపడిన కాయలను చెట్టు కింద వదలకుండా ఏరి పూడ్చిపెట్టండి, లేకపోతే వాటిలోని పురుగులు బయటికి వచ్చి తరువాతి కాపును పట్టుకుంటాయి. జామకాయకూ సంచులే మార్గం. కొమ్మ చివర్లో అందని కాయలను చిలుకలకు వదిలేసి, చేతికి అందే వాటికి సంచులు కడితే ఇద్దరి హక్కూ నిలుస్తుంది. చెట్టంతా వల కప్పడం మాత్రం వద్దు, అందులో పిట్టలు, తొండలు, ఒక్కోసారి పాములు కూడా చిక్కుకుని చనిపోతాయి.

తూర్పు వాకిలి (వరంగల్లు), మార్చి 12

పాముల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. పిచ్చుకల కోసం మేము రోజూ వాకిట్లో గింజలు చల్లుతాం, నీళ్ళు పెడతాం. ఈ ఏడు ఎలుకలు పెరిగాయి, వాటి వెనక పొడుగాటి పాము ఒకటి పెరట్లో కనబడింది. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. పిట్టలకు మేత పెట్టడం మానేయాలా? నీళ్ళలో దోమలు పెరుగుతాయని పక్కింటివారు కూడా అంటున్నారు.

ఏటిగట్టు (మైలవరం), మార్చి 12

మానవలసిన పని లేదు, పెట్టే తీరు మార్చండి. నేల మీద చల్లిన గింజ రాత్రి దాకా మిగిలితే అది ఎలుకకు విందు. మా వైపు కోత కాగానే మంచి వరికంకులు ఏరి, కుచ్చుగా అల్లి, చూరుకు వేలాడదీస్తారు. గుడి మండపాల్లోనూ కడతారు. పిచ్చుక దానికి వేలాడి ఒక్కొక్క గింజే ఒలుచుకుని తింటుంది, కింద పడేది తక్కువ. పడిన పొట్టును సాయంత్రమే ఊడ్చేయండి. ఇంకొక మాట: గింజలు తినేది పెద్ద పిచ్చుకలే. గూట్లోని పిల్లలకు అవి కూడా పురుగులే పెడతాయి. మా చిన్నతనంలో మిద్దె మీద చిక్కుడు పాదుకు పట్టిన పేనుబంకను పిచ్చుకలు వచ్చి ఏరుకుపోయేవి.

మీరు చూసిన పాము పొడుగ్గా, గోధుమ రంగులో, పగటిపూట చురుగ్గా కదిలేది అయితే జెర్రిపోతు కావచ్చు, దానికి విషం లేదు, ఎలుకలే దాని ఆహారం. అయినా చూపుతో నిర్ణయించుకుని దగ్గరికి వెళ్ళవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మన ఊళ్ళలో ఉన్నవే. అటవీశాఖవారికి గాని, శిక్షణ పొంది పాములు పట్టేవారికి గాని కబురు చేయండి. ఎండుటాకుల కుప్ప, కట్టెలు, ఇటుకలు ఇంటి గోడకు ఆనించకుండా పెరటి చివరికి మార్చండి. రాత్రి పెరట్లోకి వెళ్ళేటప్పుడు చెప్పులు, టార్చిలైటు తప్పనిసరి.

వేపనీడ (విజయవాడ), మార్చి 12

నీళ్ళ సంగతి నేను చెబుతాను. దోమ గుడ్డు పెట్టి, పిల్ల పెరిగి, రెక్కలు వచ్చి ఎగరడానికి మన ఎండల్లో కూడా వారం దాకా పడుతుంది. రోజూ పొద్దున పాత నీళ్ళు మొక్కకు పోసి, మట్టి మూకుడును పీచుతో రుద్ది, కొత్త నీళ్ళు నింపితే దోమ పుట్టే ప్రశ్నే లేదు. రుద్దడం ముఖ్యం, ఎందుకంటే డెంగీ దోమ గుడ్లు పాత్ర అంచుకు అంటుకుని ఉంటాయి. మూకుడు లోతు రెండంగుళాలకు మించకూడదు. మధ్యలో నాలుగు గులకరాళ్ళు వేస్తే తేనెటీగలు వాటి మీద నిలబడి మునగకుండా తాగుతాయి. పిల్లులు దాక్కోవడానికి వీలున్న పొదకు దూరంగా, నీడలో పెట్టండి.

న్యూజెర్సీ జాజి (అమెరికా), మార్చి 16

సముద్రాల అవతలినుంచి నమస్కారం. మా ఊరు గుంటూరు జిల్లాలోదే గాని, ఇప్పుడు ఉన్న ఇంటి వెనక మంచు కరిగి ఇంకా ఎన్నో రోజులు కాలేదు. క్రోకస్ పూలు నేలనంటుకుని విచ్చాయి, డాఫొడిల్ దుంపలు మొలకెత్తి మొగ్గ మీద ఉన్నాయి. ట్యులిప్ వేస్తే జింకలు రాత్రికి రాత్రి కొరికేస్తాయి. డాఫొడిల్‌లో విషం ఉంటుంది కాబట్టి దాని జోలికి రావు. కరివేపాకు కుండీ ఇంకా ఇంట్లోనే, కిటికీ దగ్గర ఎండ కాచుకుంటోంది.

తేనెపిట్టలు అమెరికా ఖండాల్లో లేవు, ఇక్కడ ఆ పని హమ్మింగ్‌బర్డ్‌లు చేస్తాయి. ఎర్రగొంతు హమ్మింగ్‌బర్డ్ మూడు గ్రాముల బరువుతో మధ్య అమెరికానుంచి ఎగురుకుంటూ ఏప్రిల్ చివరికి మా ప్రాంతానికి చేరుతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే ఇక్కడి అడవిమొక్క ఎర్ర కొలంబైన్ పూస్తుంది. అందుకే దాన్ని ప్రత్యేకంగా తెచ్చి వేశాను. తేనెపిట్ట కొమ్మ మీద వాలి తాగడానికే ఇష్టపడితే, ఇది గాలిలో నిలబడే తాగుతుంది.

మేడమీద తోట గారి కరివేపాకు తగవు చదివి ఆశ్చర్యపోయాను. అదే కథ ఇక్కడ సోంపు, సోయికూర మొక్కల మీద నడుస్తుంది. నల్ల స్వాలోటెయిల్ అనే సీతాకోకచిలుక పిల్లలు వాటిని తిని పెరుగుతాయి, తాకితే నారింజ రంగు కొమ్ములు చాస్తాయి. నేను ప్రతి వేసవీ వాటి కోసమే ఒక మడి అదనంగా సోయికూర చల్లుతాను. ఇక వేపనీడ గారు చెప్పిన పిల్లల మేత విషయానికి ఒక లెక్క జోడిస్తాను. డెలావేర్ విశ్వవిద్యాలయంలోని కీటకశాస్త్రజ్ఞుడు డగ్లస్ టలమీ తరచుగా చెప్పేది ఇది: చికడీ అనే చిన్న పిట్టల జంట ఒక్క ఈత పిల్లలను పెంచి ఎగరేయడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు కావాలి. ఈ అంకె విన్న తరువాత మా వీధిలో పచ్చికకు మందు కొట్టించే బండి వచ్చినప్పుడల్లా నాకు మనసు ఒప్పదు. మా గుమ్మం దగ్గర ఆపవద్దని ముందే చెప్పి పెట్టాను.

సముద్రపు గాలి (విశాఖపట్నం), మార్చి 18

మొదటి సందేశంలో మునగ పూత మాట, నల్ల తుమ్మెదల మాట పక్కపక్కనే ఉన్నాయి, వాటిని కలిపి చూడాలి. మునగ పూవుకు ఎన్నో రకాల కీటకాలు వచ్చినా కాయ కట్టించడంలో ఆ పెద్ద తుమ్మెదలే అందరికన్నా సమర్థమైనవని మా ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. వంగ, టమాటా పూలకూ వాటి సాయం మేలు చేస్తుంది. ఆ పూలలో పుప్పొడి బయటపడే దారి చాలా సన్నగా ఉంటుంది. తుమ్మెద పూవును కాళ్ళతో పట్టుకుని ఒళ్ళు అదరగొట్టి ఝుమ్మనిపిస్తే పుప్పొడి బాగా రాలుతుంది. ఆ క్షణంలో రొద స్వరం మారడం దగ్గర నిలబడితే బాగా తెలుస్తుంది. ఎండిన మునగ కొమ్మో, వెదురు బొంగో పెరటి మూల వదిలేస్తే తుమ్మెద దాన్ని తొలిచి గూడు పెట్టుకుంటుంది. మనిషిని వెంటపడి కుట్టే స్వభావం దానికి లేదు.

మా గోరింటాకు పొదలో అరచేయంత తేనెపట్టు కూడా ఉంది. ఒకే ఒక్క పొర, కొమ్మ చుట్టూ పైన కాస్త వెడల్పుగా కట్టాయి. చీమలు రాకుండా కొమ్మకు అటూ ఇటూ జిగురు పూశాయి. అది చిన్న తేనెటీగ. కదపకపోతే హాని చేయదు, పూలు తగ్గగానే తానే వేరొక చోటికి వెళ్ళిపోతుంది. ఎత్తైన భవనాలకు వేలాడే కొండ తేనెటీగ పట్టు మాత్రం వేరు సంగతి. పొగపెట్టడం, రాయి విసరడం ప్రాణాల మీదికి తెస్తుంది, తెలిసినవారినే పిలవాలి.

చిన్నపిల్లలు ఉన్న ఇళ్ళకు ఒక హెచ్చరిక. పచ్చగన్నేరు పూలకు తేనెపిట్టలు వస్తాయి, దాని పండ్లను కోయిల కూడా తింటుంది. పిట్ట తిన్నదని పిల్లలు నోట పెట్టుకోకూడదు, దాని గింజ మనిషికి ప్రాణాంతకం. ఎర్రగన్నేరు కూడా విషమే. వాటి బదులు నూరువరహాలు, రేకు మందారం, దేవకాంచనం వేసుకోవచ్చు. ముద్ద మందారం చూడముచ్చటగా ఉంటుంది గాని, అన్ని రేకులు పెరిగిన పూవులో పుప్పొడి తక్కువ, తేనె దాకా దారి కష్టం. రెక్కల అతిథుల కోసమైతే రేకు మందారమే మేలు.

పెరటి మల్లె (రాజమహేంద్రవరం), ఏప్రిల్ 8

ఇన్ని రోజులు సమాధానం రాయలేకపోయినందుకు మన్నించండి, పండుగ పనులు, చుట్టాల రాకపోకలు. గోడకు రంగు ఆపించాను. ఉగాదికి వేపపూత కోసం చెట్టు కింద దుప్పటి పరిచి కొమ్మ దులిపినప్పుడు కూడా కిటికీ వైపు ఎవరినీ వెళ్ళనీయలేదు. గుడ్లు పగిలిన తరువాత తల్లీ తండ్రీ ఇద్దరూ తిరుగుతూనే ఉన్నారు. ముక్కున సాలీడు, లేదా ఆకుపచ్చని సన్నని పురుగు. మేత పెట్టిన తరువాత పిల్ల వేసిన తెల్లని రెట్ట మూటను ముక్కుతో తీసుకుని దూరంగా పారేసి రావడం నన్ను అన్నిటికన్నా ఆకట్టుకుంది; గూడు చివరిదాకా శుభ్రంగానే ఉంది. మొన్న రెండు పిల్లలూ ఎగిరిపోయాయి.

మందారాలకు మందు కొట్టలేదు. నీళ్ళు, కుంకుడు రసం, కాండానికి చీమలు ఎక్కకుండా ఆముదం రాసిన గుడ్డ పట్టీతో పిండినల్లి బాగా తగ్గింది. తెల్లని పోగుల పురుగు కూడా కనబడింది, చెప్పి ఉండకపోతే చిదిమేసేవాళ్ళమే. ఇప్పుడు మగ తొండ ఒకటి గోడ మీద తల ఎర్రగా చేసుకుని దండీలు తీస్తోంది. మావారు దాన్ని తరమడం మానేసి కుర్చీ వేసుకుని చూస్తున్నారు.

మేడమీద తోట (హైదరాబాదు), ఏప్రిల్ 9

పెరటి మల్లె గారూ, మీ కబురు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మాకూ ఒక శుభవార్త ఉంది. రెండో కరివేపాకు మొక్క మీదికి మార్చిన పురుగుల్లో నాలుగు ప్యూపాలు అయ్యాయి. నడుముకు సన్నని పట్టుదారం చుట్టుకుని, కొమ్మకు వెనక్కి వాలి నిలబడ్డాయి. అందులో ఒకటి నిన్నటినుంచి నల్లబడుతోంది. చచ్చిపోయిందేమోనని అమ్మకే ఇప్పుడు దిగులు. డాబా మీద మధ్యాహ్నం ఎండ తీవ్రంగా ఉంది, కుండీని నీడకు జరపవచ్చా?

వేపనీడ (విజయవాడ), ఏప్రిల్ 9

అమ్మగారిని దిగులు పడవద్దని చెప్పండి. పొర పలుచబడి లోపలి రెక్కల రంగు బయటికి కనబడుతున్నదన్నమాట. దగ్గరగా చూస్తే రెక్క మీది మచ్చలు కూడా తెలుస్తాయి. రేపో ఎల్లుండో ఉదయం వేళ బయటికి వస్తుంది. కుండీని కుదుపు లేకుండా నీడకు జరపవచ్చు గాని, ప్యూపా ఉన్న కొమ్మను వంచవద్దు, గాజు సీసాలో పెట్టవద్దు. బయటికి వచ్చిన సీతాకోకచిలుక రెక్కలు ముడుచుకుని తడిగా ఉంటాయి. అది కొమ్మకు వేలాడి, ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి ఎక్కించి వాటిని చాచుకోవాలి, అందుకు కింద జానెడు ఖాళీ చోటు ఉండాలి. రెక్కలు గట్టిపడేవరకు ఒకటి రెండు గంటలు ఎవరూ తాకకండి. ఆ పూట డాబా మీద బట్టలు ఆరవేయడం కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.